ధాన్యపు లారీలు: వంతు ముందా, దారి ముందా?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో యాసంగి ధాన్యము కొనుగోలు కేంద్రములకు వచ్చు కాలముననే అకాల వర్షములును వచ్చును. కాంటా అయిన బస్తాలు లారీ రాక తడిసినచో రైతు కష్టము నీళ్లపాలగును.

దీనికి నేడు రెండు ఉపాయములు గలవు. మొదటిది, మిల్లు వద్ద దిగుమతికి ప్రతి లారీకి ముందుగా ఒక సమయము నిర్ణయించుట. ప్రత్తి అమ్మకములో 2025 నుండి 'కపాస్ కిసాన్' యాప్ ద్వారా రైతులు ఇట్లే వంతు పొందుచున్నారు. రెండవది, లారీ తిరుగు దారిని కంప్యూటరుతో నిర్ణయించుట. జగిత్యాల-కోరుట్ల రోడ్డు వంటి ఒకే దారిపై నున్న కేంద్రముల కొద్దిపాటి బస్తాలను ఒక లారీలో కలిపినచో వృథా ప్రయాణము తగ్గును.

ఏది ముందు? గంటకొక లారీ దించుకొను మిల్లుకు ఉదయము 8 గంటలకే 10 లారీలు చేరినవనుకొనుడు. చివరి లారీ 9 గంటలు నిలువవలెను. దారిలో అరగంట కలిసివచ్చినను అది వరుసలోనే పోవును. కావున వంతు ముందు, దారి తరువాత.

గ్రామాధికారులు కేంద్రము వారితో కూడి, ప్రతి సాయంత్రము సిద్ధమైన బస్తాల లెక్కను మిల్లుకు తెలిపి మరునాటి వంతు వ్రాయించవలెను. రైతులు తేమ 17 శాతము మించకుండ ధాన్యమును ఆరబెట్టి, లారీ వచ్చువరకు బస్తాలపై టార్పాలిన్ కప్పియుంచవలెను.