రెండు మ్యాపులు

చిట్టితల్లీ,

నువ్వూ అల్లుడూ యాభై రాష్ట్రాలూ కారులో చుట్టేస్తామని పట్టు పట్టారట. "అన్నయ్యా, నువ్వైనా కాస్త చెప్పు" అని మీ నాన్న ఇండియా నుంచి ఫోన్ చేశాడు. వద్దంటానని వాడి ఆశ. నేనెందుకంటాను?

మా హాల్లో పక్కపక్కనే రెండు అమెరికా మ్యాపులు ఉంటాయి, చూసే ఉంటావు. నా దాంట్లో 43 గుండుసూదులు, మీ పెద్దమ్మ దాంట్లో 29. తిరిగింది ఒకే కారులో, పక్కపక్క సీట్లలోనే. టైరు ఆనితే చాలు, ఆ రాష్ట్రం చూసినట్టేనని నా లెక్క. ఒక రాత్రి పడుకుని, అక్కడి మనిషితో నాలుగు మాటలాడితేగానీ సూది గుచ్చకూడదని ఆవిడ లెక్క. డెలావేర్‌లో ఐ-95 పట్టుమని పాతిక మైళ్ళు కూడా ఉండదు. వాషింగ్టన్ వెళ్తూ అది దాటగానే "ఇంకోటి అయింది" అని స్టీరింగ్ మీద దరువేశాను. ఆవిడ నిద్రపోతోంది. ఆ డెలావేర్ మీద ఇరవై ఏళ్ళుగా పోట్లాడుకుంటూనే ఉన్నాం. అందుకే హోటళ్ళు బుక్ చేసుకునే ముందు, దేన్ని చూసినట్టు లెక్కేస్తారో మీరిద్దరూ తేల్చుకోండి. ఎయిర్‌పోర్టులో విమానం మారడం మాత్రం చెల్లదు, అది నా తీర్పు.

యూటా, కొలరాడో, అరిజోనా, న్యూమెక్సికో నాలుగూ కలిసే ఫోర్ కార్నర్స్‌లో, కాళ్ళూ చేతులూ తలో రాష్ట్రంలో పెట్టి ఫోటో దిగుతారు. నేనూ దిగాను, నడుం పట్టేసింది. ఆ ఒక్క ఫోటోకి నాలుగు సూదులు గుచ్చాను చూడు, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మిన్నెసోటాలో ఇటాస్కా సరస్సుకి తప్పకుండా వెళ్ళండి. మిసిసిపీ పుట్టేది అక్కడే. న్యూఆర్లియన్స్‌లో ఓడలు మోసే నదిని అక్కడ రాళ్ళ మీద అడుగులేసుకుంటూ దాటేయొచ్చు. మీ పెద్దమ్మ చెప్పులు చేత పట్టుకుని, కుచ్చిళ్ళు ఎగదోపి బయల్దేరి, మూడో రాయి మీద జారింది. వెనక వస్తున్న ముసలాయన చెయ్యందించాడు. గట్టెక్కాక ఆయనకి పులిహోర పెట్టింది. ఎండుమిరపకాయ తీసి పక్కన పెట్టమని చెప్పేలోపే ఆయన నమిలేశాడు! కళ్ళనీళ్ళు తుడుచుకుంటూనే ఇంకొంచెం పెట్టించుకున్నాడు. ఆవిడకి మిన్నెసోటా సూది అక్కడే పడింది. నేనేమో నార్త్ డకోటాకి ఇంకెన్ని మైళ్ళో చూసుకుంటున్నాను. చాలామంది ఆ రాష్ట్రాన్ని చివరికి మిగుల్చుకుంటారు. యాభయ్యోదిగా వచ్చినవాళ్ళకి ఫార్గోలో టీషర్టు కూడా ఇస్తారు. టీషర్టు కోసం ఆగకండి, దారిలో ఉన్నప్పుడే చూసెయ్యండి.

నెవాడాలో హైవే 50 మీద ఈలీ నుంచి యురేకా 77 మైళ్ళు, మధ్యలో ఊరన్నది లేదు. ట్యాంకు సగానికి రాగానే గ్యాస్ కొట్టించుకోండి. మోంటానాలో గ్లేసియర్ పార్కు మీదుగా పోయే కొండదారి మంచు తీసి తెరిచేసరికి జూన్ చివరో జూలైయో అవుతుంది, మే నెల సెలవులు దానికి పెట్టుకోవద్దు. పొద్దుగూకాక పల్లెదారుల్లో జింకలు అడ్డం పడతాయి, నెమ్మదిగా పోనివ్వాలి. అలాస్కాకి కారులో అంటే కెనడా మీదుగానే. మీరింకా హెచ్‌-1బి మీదే ఉన్నారు కాబట్టి ఆ వీసా, ఈ స్టాంపింగ్ సంగతి ముందే లాయర్ని అడగండి. హవాయికి ఎలాగూ విమానమే.

రెండు గంటలకోసారి డ్రైవింగ్ మార్చుకోండి. పక్క సీట్లో ఉన్నవాళ్ళు ఉత్తుత్తి బ్రేకు తొక్కకూడదు. ఇది అల్లుడికి కాదు, నీకే. మీ నాన్న పోలిక నీకు బాగా వచ్చింది.

ఏప్రిల్‌లో డెలావేర్ వెళ్ళి ఒక రాత్రి ఉండొద్దామని మీ పెద్దమ్మ అంటోంది. మీరు అప్పటికి ఇటువైపు వస్తే కలిసి వెళ్దాం. పులిహోర ఆవిడ చేస్తుంది, కారు అల్లుడు నడుపుతాడు.

మీ పెదనాన్న