కార్డు చెల్లింపు నుంచి కర్బన లెక్క ఎలా తేలుతుంది?

కార్డు గీకినప్పుడు బ్యాంకుకు చేరేవి ప్రధానంగా మొత్తం, తేదీ, దుకాణం పేరు, ఆ వ్యాపారం తరగతిని తెలిపే నాలుగంకెల కోడ్. కిరాణా, సూపర్‌మార్కెట్లకు 5411, పెట్రోలు బంకులకు 5541. సంచిలో ఏముందో మాత్రం బ్యాంకుకు తెలియదు. అందుకే ఒక్కో తరగతిలో రూపాయి ఖర్చుకు సగటున ఎంత కర్బన ఉద్గారం ఉంటుందో ముందుగా ఒక గుణకం కడతారు. చెల్లించిన మొత్తాన్ని దానితో హెచ్చవేస్తారు. ఫిన్లాండ్‌లోని ఓలండ్ బ్యాంక్ 2016లో తెచ్చిన ఓలండ్ ఇండెక్స్ ఇందుకు తొలి నమూనాల్లో ఒకటి. స్వీడన్ సంస్థ డొకానమీతో కలిసి మాస్టర్‌కార్డ్ 2021లో ఇలాంటి సాధనాన్నే బ్యాంకులకు అందించింది.

చిక్కంతా సగటులోనే ఉంది. ఒకే సూపర్‌మార్కెట్‌లో వెయ్యి రూపాయల మటన్‌కూ, వెయ్యి రూపాయల కందిపప్పుకూ ఒకే అంకె పడుతుంది. అంతకన్నా వింత: ఖరీదైన సేంద్రియ బియ్యం కొన్నవారి పద్దులో, చవక బియ్యం కొన్నవారికన్నా ఎక్కువ కర్బనం చేరుతుంది. ధరలు పెరిగినప్పుడల్లా గుణకాలను సవరించకపోతే ఈ తప్పు ముదురుతుంది. పెట్రోలు లెక్క కొంత నయం. ధరను బట్టి లీటర్లు తేలతాయి, లీటరు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అయితే బంకులో కొన్న కూల్‌డ్రింకు కూడా అందులోనే కలిసిపోవచ్చు.

ఒకే ఖాతాదారు ఖర్చు నెలనెలా ఎటు మొగ్గుతోందో చూసుకోవడానికి ఈ అంకె పనికొస్తుంది. ఇద్దరిని పోల్చడానికి పనికిరాదు.