స్వప్న చూసిన మూడు రాత్రులు

చీరాల

అమ్మడూ,

నీ ఉత్తరం అందింది. 'గేమ్ ఓవర్' సినిమా గురించి హాస్టల్లో రెండు జట్లయ్యారట. అదంతా అందులోని స్వప్న కన్న కలేనని ఒక జట్టు, కాలం నిజంగానే వెనక్కి తిరిగిందని ఇంకో జట్టు. వ్యాసం రాసి ఇవ్వాలి, సరైన జవాబు ఏది తాతయ్యా అని అడిగావు. నిన్న రాత్రి నేనూ కూర్చుని చూశాను. జవాబుకు తొందరపడకు. అంతకంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది.

మన సినిమాల్లో కాలప్రయాణం కొత్తది కాదు. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారు 'ఆదిత్య 369' తీశారు. యంత్రం ఎక్కితే రాయల కాలం, మళ్లీ ఎక్కితే భవిష్యత్తు. ఎక్కడున్నామో చూసేవాడికి క్షణం కూడా అనుమానం రాదు. 2022లో వచ్చిన 'ఒకే ఒక జీవితం'లో కొడుకు వెనక్కి వెళ్లినా అమ్మ మరణం తప్పదు. అక్కడ విధి మాట కూడా తేటగానే ఉంటుంది. 2019లో అశ్విన్ శరవణన్ తెలుగులోనూ తమిళంలోనూ తీసిన ఈ సినిమా అలా కాదు. దీంట్లో యంత్రం లేదు, ఇది ఫలానా అని చెప్పే పాత్ర లేదు. కాబట్టి బాధ్యత నీమీద పడింది.

ముందు ఒక తెల్ల కాగితం తీసుకో. తెర మీద కనిపించినవి మాత్రమే రాయి. "అనిపించింది" అన్న మాట ఆ కాగితం మీద పడకూడదు. నేను రాసుకున్నవి ఇవి. స్వప్న వీడియో గేములు తయారుచేసే పిల్ల. ఏడాది కిందట జరిగిన ఘోరం వల్ల చీకటంటే భయం. బతకడం ఇష్టం లేక ప్రాణం తీసుకోబోయి కాళ్లు విరగ్గొట్టుకుంది, చక్రాల కుర్చీలో ఉంది. ముంజేతి మీది పచ్చబొట్టు ఉన్నట్టుండి నొప్పెడుతుంది. ఆ సిరాలో చనిపోయిన ఒక అమ్మాయి చితాభస్మం కలిసిందని తర్వాత తెలుస్తుంది. ఆ అమ్మాయి మూడుసార్లు క్యాన్సర్‌ను గెలిచి, హంతకుల చేతిలో పోయింది. ముసుగులు వేసుకున్నవాళ్లు స్వప్న ఇంటి మీద పడతారు. తల్లిలా చూసుకునే ఇంటి మనిషినీ, స్వప్ననీ చంపేస్తారు. స్వప్న మేలుకుంటుంది. అదే రాత్రి మళ్లీ వస్తుంది.

ఇప్పుడు ఆ రెండు జట్ల మాటనూ ఈ కాగితం మీద పెట్టి చూడు.

కల అన్నవాళ్లకు బలం లేకపోలేదు. ఆ పిల్ల పేరే స్వప్న. చచ్చిన ప్రతిసారీ మేలుకుంటోంది. జరిగింది ఆమెకు తప్ప ఎవరికీ గుర్తుండదు. కానీ సినిమా మొదటి సన్నివేశం ఏమిటో గుర్తుతెచ్చుకో. ఆ చితాభస్మం ఎవరిదో ఆ అమ్మాయి ఒంటరిగా ఇంట్లో ఉంటే, ఎవడో బయటనుంచి కెమెరాలో చూస్తూ ఉండి, చంపుతాడు. అప్పటికి స్వప్న ఇంకా కథలోకే రాలేదు. ఆమె చూడనిది ఆమె కల ఎలా అవుతుంది? అంతా కలేననేవాళ్లు ఆ సన్నివేశానికి జవాబు చెప్పాలి. మీ జట్లలో ఎవరైనా దాని ఊసు ఎత్తారా?

వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలో చదువుకునే వయసులో నేను యోగవాసిష్ఠం పట్టుకున్నాను. అందులో లవణుడనే రాజు కథ ఉంది. సభకు ఒక ఇంద్రజాలికుడు వస్తాడు. రాజు అతడు చూపిన గుర్రం వైపు చూస్తూ కాసేపు కొయ్యబారిపోతాడు. ఆ కాసేపట్లోనే అడవి పల్లెలో పెళ్లి, పిల్లలు, కరువు, ఆకలి, ఒక జీవితమంతా గడిచిపోతుంది. కలే కదా అనుకుని ఊరుకోక, రాజు వింధ్య వైపు వెతుక్కుంటూ పోతాడు. ఆ పల్లె ఉంది! తన అత్తగారు కూతురి కోసం, అల్లుడి కోసం ఏడుస్తూ కనిపిస్తుంది. ఆ పల్లె లవణుడికి ఎలాంటిదో ఈ సినిమాకు మొదటి సన్నివేశం అలాంటిది. కలకు బయట దొరికిన సాక్ష్యం. మన పెద్దవాళ్లు ఈ చిక్కును ఎప్పుడో చూశారు.

కాలం వెనక్కి తిరిగిందనేవాళ్లకూ ఇబ్బంది ఉంది. తిరిగితే ఆమె ఒక్కదానికే ఎందుకు జ్ఞాపకం? బూడిద వల్ల ఆ చనిపోయిన పిల్ల ప్రాణాలు మూడూ ఈమెకు వచ్చాయనుకుంటే అన్నీ సర్దుకుంటాయి. సినిమా కూడా అటే మొగ్గుతుందని నా అభిప్రాయం. మూడుసార్లు రోగాన్ని గెలవడం, మూడు రాత్రులు, గేములో ఆటగాడికిచ్చే ప్రాణాలు, ఇవన్నీ ఊరికే ఒకచోట చేరవు.

అయినా నన్ను పట్టుకున్నది అది కాదమ్మా. మా నాన్న చిటికి పని చేసేవాడని నీకు తెలుసు. ఆ పనితో నేసే తేలియా రుమాలు పుట్టింది మన చీరాలలోనే. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిదలో నానబెట్టి, ఎక్కడ రంగు పడకూడదో అక్కడ కట్లు కట్టి ముంచేవారు. పువ్వు ఎక్కడ రావాలో మగ్గం ఎక్కకముందే పడుగులోనూ పేకలోనూ నిర్ణయమైపోయేది. కట్టు కింద రంగు కొంచెం పాకుతుంది కాబట్టి పువ్వు అంచు మసకగా వస్తుంది. చిన్నప్పుడు నేను ఆ అంచు చూసి తప్పు పడిందనుకునేవాణ్ణి. నాన్న నా చెయ్యి పట్టుకుని పువ్వు మీద పెట్టి, "ఇది ఏ పువ్వు?" అని అడిగేవాడు. చెప్పేసేవాణ్ణి. పువ్వు తెలుస్తోంది కదా, అంచు చూసి గుడ్డను తప్పు పట్టకు అనేవాడు.

కలా, కాలమా అన్నది ఈ సినిమాకు అంచు. పువ్వు ఏదో వెతుకు. చావాలనుకున్న ఒక ఆడపిల్ల మొదటి రాత్రికి, మూడో రాత్రికి మధ్య బతకాలనుకుంది. హంతకులు మూడు రాత్రులూ వచ్చారు. అది ముందే రంగు పడిన నూలు, ఆమె చేతిలో లేదు. కానీ పడుగు ఎక్కించాక కూడా నేతగాడు వరస తప్పిన దారాన్ని వేలితో జరిపి పువ్వు కుదురుస్తాడు. స్వప్న మూడో రాత్రి చేసింది అదే. ఈ మార్పు కలలో జరిగినా నిజమే, తిరిగొచ్చిన కాలంలో జరిగినా నిజమే. సినిమాలో మసక లేకుండా కనిపించేది ఇదొక్కటే అనుకుంటాను.

నేను చెప్పానని ఇది నీ వ్యాసంలో దించకు. నీ కాగితంలో నాది కాని సాక్ష్యం దొరికితే దాన్నే నమ్ము. ఇంటి మనిషి చెప్పే మాటలు, ఆ చనిపోయిన పిల్ల తల్లి స్వప్నతో మాట్లాడిన సన్నివేశం ఇంకొక్కసారి నిదానంగా చూడు. రెంటినీ నేను సరిగా పట్టుకోలేదనిపిస్తోంది.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ కాగితం తెచ్చుకో. పెట్టెలో నాన్న కట్టిన రుమాలు ఒకటి మిగిలింది. అది నీకు ఇస్తాను.

నీ తాతయ్య