కానుక ముందా, కూలి ముందా?



మాది చర్ల మండలంలో గోదావరి ఒడ్డు ఊరు. రెండెకరాలు కౌలుకు తీసుకుని తేజ మిర్చి వేశాం. నారు పోసిన రోజే, వచ్చిన రాబడిలో దశమ భాగం దేవునికిస్తానని మొక్కుకున్నాను. కాపు బాగానే ఉంది గానీ కోతల వేళకు ధర పడిపోయింది. సగం బస్తాలు ఖమ్మం కోల్డ్ స్టోరేజీలో పెట్టాం. మిగతావి అమ్మితే, అడ్తి వ్యాపారి తన బాకీ పట్టుకోగా చేతికి నలభై వేలు వచ్చాయి.

కాయ కోసింది ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కూలీలు. సంక్రాంతి దాటాక వచ్చి మా చేనుగట్టునే పరదాలు కట్టుకుని ఉన్నారు. వాళ్ళకింకా ముప్పై ఆరు వేలు ఇవ్వాలి. వచ్చే వారం వెళ్ళిపోతామంటున్నారు. మా ఆయన "సగం ఇచ్చి పంపుదాం, మిగతాది వచ్చే ఏడు ఇద్దాం, ఎక్కడికి పోతారు" అంటున్నారు. పాస్టరు గారేమో "దేవుని భాగం ముందు తీసి ఇవ్వమ్మా, మిగతాది విశ్వాసంతో వదిలెయ్" అన్నారు. 2021లో నల్ల తామర పురుగు చేనంతా ఊడ్చేసినప్పుడు రాత్రంతా మా ఇంట్లో ప్రార్థన చేసింది ఆయనే. ఆయన మాట తీసెయ్యలేను. కూలీలకు ముందిస్తే దేవుణ్ణి నమ్మనట్టేనా?

— ఒక సోదరి

చెల్లెమ్మా,

కూలీలకు మొత్తం ఇచ్చెయ్యండి. వాళ్ళు బయల్దేరేలోపు, రూపాయి ఆపకుండా.

దశమ భాగం మీద ప్రసంగం అంటే అందరూ తెరిచేది మలాకీ మూడో అధ్యాయం, పదో వచనం. దీవెన కుమ్మరిస్తానన్న వాగ్దానం అక్కడిదే. అక్కణ్ణుంచి ఐదు వచనాలు వెనక్కి వెళ్ళి చూడండి. కూలివాని జీతం ఎగ్గొట్టేవాళ్ళ మీద, విధవరాళ్ళను, తండ్రిలేని పిల్లలను బాధపెట్టేవాళ్ళ మీద, పరదేశికి అన్యాయం చేసేవాళ్ళ మీద తానే సాక్షిగా వస్తానంటున్నాడు అదే దేవుడు. పదో వచనం గోడల మీద రాసుకుంటున్నాం, ఐదో వచనం ఎవరూ చదవడం లేదు. నాకిది చాలా బాధగా ఉంటుంది. మీ చేనుగట్టున ఉన్నవాళ్ళు కూలివాళ్ళూ, పరదేశులూ కూడా.

ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం మరీ సూటిగా చెబుతుంది. స్వజనుడైనా పరదేశి అయినా, కూలివానికి పొద్దుగూకక ముందే కూలి ఇవ్వాలి. అతను బీదవాడు, దాని మీదే ఆశ పెట్టుకుని ఉంటాడు. మీ ఆయన వచ్చే ఏడు ఇద్దామంటున్నారు. అంటే వాళ్ళనడక్కుండానే వాళ్ళ దగ్గర ఏడాదికి అప్పు తీసుకోవడం.

మిర్చి కోసిన చేతులు ఎలా మండుతాయో నేను మీకు చెప్పక్కర్లేదు. కొబ్బరినూనె రాసినా ఆ మంట పోదు, ఆ చేత్తో పసిబిడ్డను ఎత్తుకోవాలంటే భయం. వాళ్ళ కూలిలోంచి తీసి కానుకపెట్టెలో వేస్తే అది మీ కానుక అవదు, వాళ్ళదవుతుంది. కన్నవాళ్ళకు పెట్టాల్సినదాన్ని దేవునికి అర్పితమని చెప్పి తప్పించుకునేవాళ్ళను ప్రభువు ఎంత గట్టిగా మందలించాడో మార్కు సువార్త ఏడో అధ్యాయంలో ఉంది.

మొక్కుబడి తీర్చాల్సిందే, కాదనను. మీరు మొక్కింది మీ రాబడిలో పదో వంతు. కూలి ఇచ్చాక మీ చేతిలో మిగిలేది నాలుగు వేలు. ఈ ఆదివారం నాలుగు వందలు వెయ్యండి. కోల్డ్ స్టోరేజీ బస్తాలు అమ్మాక అందులో మీకు మిగిలినదాన్ని బట్టి మిగతాది. అంత తక్కువా అని సిగ్గుపడకండి. ఖమ్మం పక్కనే ఉన్న డోర్నకల్‌కు 1912లో అజరయ్య గారు బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. ఆయన కింద ఉన్న సంఘాల్లో ఎక్కువమంది భూమి లేని దళిత కూలీలు. ఎసట్లో బియ్యం పోసేటప్పుడు ఆడవాళ్ళు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టేవారు, అదే వాళ్ళ కానుక. కోతల పండక్కి ధాన్యం, కోళ్ళు తెచ్చేవారు. మన సంఘాలు నిలబడింది కూలివాళ్ళ పిడికిళ్ళ మీదేనమ్మా, ఇవాళ కూలివాళ్ళకు ఎగవేసి మనం కానుకలెలా ఇస్తాం?

నమ్మకం సంగతి అడిగారు. ధర ఎప్పుడు లేస్తుందో తెలియకుండా చేతిలో ఉన్నది తీసి పక్కవాడి కష్టానికి ఇచ్చెయ్యడానికి ఎంత నమ్మకం కావాలో ఆలోచించండి. మీ ఆయనది దుర్బుద్ధి అని నేననుకోను, భయం. ఒకసారి చేనంతా పోగొట్టుకున్న మనిషి. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకునే డబ్బు పంచండి. మొత్తం మేస్త్రి చేతిలో పెట్టి ఊరుకోవద్దు. ఎవరెన్ని రోజులు కోశారో పుస్తకం చూసి ఎవరిది వాళ్ళకే, ఆడవాళ్ళది ఆడవాళ్ళ చేతికే ఇవ్వండి.

పాస్టరు గారి దగ్గరికి ఇద్దరూ వెళ్ళండి. మీ కష్టంలో రాత్రంతా మేలుకున్న మనిషి, వింటారు. మలాకీ ఐదో వచనం ఆయన చేతే చదివించుకోండి.

ఇల్లు గడవడానికి, కోల్డ్ స్టోరేజీ రసీదు మీద బ్యాంకులో గానీ మార్కెట్ కమిటీలో గానీ అప్పు పుడుతుందేమో అడగండి. అడ్తి దగ్గర మళ్ళీ చేయి చాచకండి. వేసవిలో తునికాకు కల్లాలు తెరుస్తారు కదా, అప్పటికి కాస్త చేతిలో డబ్బు ఆడుతుంది. కౌలు గడువు అప్పటిదాకా పెంచమని పొలం ఆసామిని ఈ వారమే వెళ్ళి అడగండి.