కత్తా, కసరత్తా?

చార్మినార్ చుట్టుపక్కల సందుల్లో వెండి వరక్ తయారీ పాత పని. తోలు పొరల మధ్య వెండి ముక్కలు పేర్చి, గంటల తరబడి సుత్తితో కొట్టాలి. మిఠాయి మీద అద్దే ఆ రేకు ఊదితే ఎగిరిపోతుంది. కొట్టిన భుజం మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ మొరాయిస్తుంది. చెయ్యి పైకి లేవట్లేదని స్కానింగ్ తీయిస్తే, భుజం కీలును పట్టి ఉంచే స్నాయువుల పట్టు, అంటే రొటేటర్ కఫ్, చిరిగిందని రిపోర్టు వస్తుంది. ఇక ఇల్లంతా డాక్టర్లే. బావమరిది కార్పొరేట్ ఆసుపత్రి పేరు చెబుతాడు, పక్కింటి చాచా ఎముకలు కట్టే జర్రా దగ్గర కట్టు కట్టించుకోమంటాడు, ఇంకెవరో నూనె సీసా తెచ్చిస్తారు. ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల మాట చెల్లుతుంది.

పెద్ద గొంతుల సంగతి ఈ ఊరికి కొత్త కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ, మత్తుమందు క్లోరోఫాం ఎంత నిరపాయమో తేల్చడానికి 1888, 1889లలో ఇక్కడ రెండు కమిషన్లు నడిపించాడు. రోగి ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలు, క్లోరోఫాం గుండెను నేరుగా ఆపదని తేల్చారు. లండన్ నుంచి వచ్చిన పేరున్న వైద్యుడు లాడర్ బ్రంటన్ అంతటివాడూ ఒప్పుకున్నాడు. తీరా 1911లో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు, క్లోరోఫాం మత్తు తేలిగ్గా ఉన్నప్పుడే గుండె లయ తప్పి ఆగిపోవచ్చని ప్రయోగాలతో చూపించాడు. లారీ మోసగాడేమీ కాడు. తన మాట మీద తనకు నమ్మకం మరీ ఎక్కువ, అంతే. డాక్టరు ధీమాగా చెప్పాడని తలూపేముందు, ఎందుకని ఒక్కసారి అడగడం మర్యాద తప్పేం కాదు.

రిపోర్టులో ఉన్నదంతా రోగమూ కాదు. 40 నుంచి 70 ఏళ్ల మధ్య వయసున్న, భుజం నొప్పి బొత్తిగా లేని 51 మంది మగవాళ్లకు అల్ట్రాసౌండ్ తీశారు. 2011లో వచ్చిన ఆ అధ్యయనంలో 96 శాతం మంది భుజాల్లో ఏదో ఒక తేడా కనిపించింది. భుజం పైఎముక కింద రాపిడి వల్ల నొప్పి అని చెప్పి ఎముకను కాస్త చెక్కే ఆపరేషన్ ఒకటుంది. బ్రిటన్‌లోనూ ఫిన్లాండ్‌లోనూ కొందరికి నిజంగా చెక్కారు, కొందరికి లోపల కెమెరాతో చూసి ఊరుకున్నారు. 2017, 2018లలో బయటికొచ్చిన ఫలితాల్లో ఈ రెండు వర్గాల మధ్యా చెప్పుకోదగ్గ తేడా తేలలేదు.

నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం అమెరికాలోని మూన్ అనే వైద్యబృందం చేసిన పని. దెబ్బేమీ తగలకుండా అరుగుదలతోనే స్నాయువు పూర్తిగా చిరిగిన 400 మందికి పైగా రోగులకు కసరత్తులు నేర్పి, రెండేళ్లు గమనించారు. ఆపరేషన్ దాకా వెళ్లినవాళ్లు పావు వంతుకు మించలేదు. వెళ్లిందెవరని చూస్తే, చిరుగు పెద్దదా చిన్నదా, నొప్పి ఎంత అన్నవాటికంటే, కసరత్తుతో బాగవుతుందని మొదట్లో అనుకున్నారా లేదా అన్నదే గట్టి లెక్కగా నిలిచింది. దీన్ని మనోబలం మహిమగా చెప్పుకుంటే పొరపాటు. నమ్మినంత మాత్రాన చిరుగు అతుక్కోదు. నమ్మకమున్నవాడు పొద్దున్నే రబ్బరు పట్టీ గుమ్మానికి కట్టి లాగుతాడు, మిగిలిన కండరాలు ఆ బరువు అందుకుంటాయి. లేనివాడు నాలుగు రోజులు చేసి, లాభం లేదని లేస్తాడు. నాకు అర్థమైనంతలో తేడా అక్కడే ఉంది.

పైగా ఆపరేషన్ చేయించుకున్నా కసరత్తు తప్పదు. స్నాయువు కుట్టాక చెయ్యి నాలుగు నుంచి ఆరు వారాలు మెడకు కట్టిన పట్టీలో ఉండాలి. తర్వాత నెలల తరబడి ఫిజియోథెరపీ. బద్ధకంతో ఆపరేషన్‌కు సరేనన్నవాడూ, కత్తి భయంతో వద్దన్నవాడూ తమ భుజం గురించి నిర్ణయం తీసుకోనట్టే. ఒకడు పని డాక్టరుకు అప్పగించాడు, ఇంకొకడు వాయిదా వేశాడు.

ఇదంతా మెల్లగా ముదిరిన నొప్పి మాట. శాలిబండ దగ్గర బండి మీంచి పడి ఆ రోజు నుంచే చెయ్యి లేవని మనిషి ఆగకూడదు. తెగిన స్నాయువు వెనక్కి లాక్కుపోయి, కండరానికి కొవ్వు పట్టి, తర్వాత కుట్టడం కష్టమవుతుంది. భుజం మాటిమాటికీ జారే కుర్రాడిదీ వేరే లెక్క, కుట్టించుకోవడమే మేలు కావచ్చు. షుగరున్నవాళ్లలో ఎక్కువగా కనిపించే భుజం బిగుసుకుపోవడం చాలామందికి ఒకటి నుంచి మూడేళ్లలో సడలుతుంది.

కాబట్టి డాక్టరు ముందు కూర్చున్నప్పుడు అడగాల్సినవి: నా చిరుగు దెబ్బతో వచ్చిందా, అరుగుదలతోనా? మూడు నెలలు ఒళ్లు వంచి కసరత్తు చేస్తే, ఈలోపు చేజారిపోయేదేమైనా ఉందా? కుట్టించుకుంటే మళ్లీ సుత్తి ఎప్పుడు పట్టొచ్చు? ఇంట్లో తేల్చుకోవాల్సినదీ ఒకటుంది. రంజాన్ గిరాకీ ముంచుకొస్తుంటే, చెయ్యి పట్టీలో ఉన్నన్నాళ్లు దుకాణం మీద ఎవరు కూర్చుంటారు?