బోరు నీళ్లలో రంగు చేపలు

* బోరు నీళ్లు నింపి వదిలితే నియాన్ టెట్రాలు రెండో రోజుకే చచ్చిపోయాయి. అదే తొట్టిలో మాలీలు హాయిగా తిరుగుతున్నాయి. టీడీఎస్ మీటరు 2,800 చూపిస్తోంది. నీళ్లలో విషముందా?
- ఓ పాఠకుడు, బోగోలు

విషం కన్నా ముందు ఉప్పును అనుమానించండి. 2,800 అంటే లీటరుకు దాదాపు మూడు గ్రాముల లవణాలు. మీ ఊరి రొయ్యల రైతుల లెక్కలో సుమారు 3 పీపీటీ. మంచినీళ్లలో ఇది అర పీపీటీ లోపే, సముద్రంలో 35. మంచినీటి చేప ఒంట్లో మాత్రం 9, 10 పీపీటీకి సమానమైన లవణాలుంటాయి. అందుకే బయటి నీరు లోపలికి ఊరుతూనే ఉంటుంది. ఆ నీటిని పల్చటి మూత్రంగా తోడేయడం, పోయిన ఉప్పును మొప్పలతో మళ్లీ లాక్కోవడం - దానికి రాత్రింబవళ్లూ ఇదే పని. టెట్రాది అమెజాన్ ప్రాంతం. ఉప్పు దాదాపు లేని నీళ్లకు అలవాటుపడ్డ ఒళ్లు. మాలీల పుట్టిల్లు మెక్సికో వైపు తీరం. మెల్లగా అలవాటు చేస్తే సముద్రపు నీళ్లలోనూ బతుకుతాయి, పిల్లలూ పెడతాయి.

టెట్రాలే కావాలంటే ఆర్‌ఓ ప్లాంటు నీళ్లు తొమ్మిది వంతులకు బోరు నీళ్లు ఒక వంతు కలపండి. బోరు నీళ్లను రాత్రంతా గాలి మోటారు పెట్టి ఉంచాకే వాడాలి. నన్నడిగితే ఆ ఖర్చెందుకు? మాలీలు, గప్పీలు పెంచుకోండి. గప్పీలనైనా సంచీలోంచి నేరుగా గుమ్మరించవద్దు. గంటసేపు కొంచెం కొంచెంగా తొట్టి నీళ్లు సంచీలో కలిపి, ఆ తర్వాత వదలండి.

* గోల్డ్‌ఫిష్ ఏడాదిగా ఎదగడం లేదు. నీళ్లు తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు పోస్తున్నాం. షాపతను చెప్పాడని వారానికో గుప్పెడు రాళ్ల ఉప్పు కూడా వేస్తున్నాం.
- ఓ పాఠకురాలు, బిట్రగుంట

ఆ గుప్పెడు ఆపండి. ఎండకు ఆవిరయ్యేది నీరొక్కటే, ఉప్పు తొట్టిలోనే మిగిలిపోతుంది. పైన పోసే బోరు నీళ్లు మళ్లీ ఉప్పు మోసుకొస్తాయి. గోల్డ్‌ఫిష్ రెండు మూడు పీపీటీని ఓర్చుకుంటుంది. ఆరేడు దాటితే తిన్న మేత ఒంటికి పట్టదు, పది పైన ఎక్కువకాలం ఉంచితే బతకడమే కష్టం.

రొయ్యల చెరువున్న వాళ్లెవరినైనా అడిగి రిఫ్రాక్టోమీటరు తెచ్చుకోండి. ముందు మంచినీటి చుక్కతో సున్నా చూసుకోవాలి. తర్వాత గాజు మీద తొట్టి నీళ్లు రెండు చుక్కలు వేసి, మూత వాల్చి, వెలుతురు వైపు పెట్టి చూడండి. నీలం, తెలుపు కలిసే గీత దగ్గరి అంకే మీ పీపీటీ. ఎక్కువుంటే వారానికి పావు వంతు చొప్పున తీసేసి, ఉప్పు లేని నీళ్లు పోయండి. ఒక్కసారే మార్చేస్తే ఆ కుదుపూ చేపకు దెబ్బే. ఎదుగుదల ఆగడానికి ఇరుకు తొట్టి, మురికి నీళ్లు కూడా కారణాలే. అవీ చూసుకోండి.

* చేపల ఒంటి మీద ఉప్పు రవ్వల్లాంటి తెల్ల చుక్కలు. మా రొయ్యల చెరువులోంచి వచ్చిందా?
- ఓ పాఠకుడు, జువ్వలదిన్నె

కాదు. రొయ్యలకొచ్చే వైట్ స్పాట్ వైరస్ జబ్బు. చేపలకు ఈ చుక్కలు సాధారణంగా ఇచ్ అనే ఏకకణ పరాన్నజీవి వల్ల వస్తాయి. ఇక్కడ మాత్రం ఉప్పు మందే. లీటరుకు 2, 3 గ్రాముల లెక్కన, అంటే వంద లీటర్లకు 200 నుంచి 300 గ్రాములు, విడిగా కరిగించి ఒకటి రెండు రోజుల్లో విడతలుగా పోయండి. బోరు నీళ్లే వాడుతుంటే అందులో ఉన్న ఉప్పు ఎంతో ముందే కొలిచి, తక్కువపడినంతే కలపండి. చుక్కలు రాలాయని ఆపొద్దు. ఆ పురుగు తొట్టి అడుగున చేరి వందల్లో పిల్లలు పెడుతుంది, కనుక మరో వారం పది రోజులు కొనసాగించాలి. తొట్టిలో టెట్రాలు, కోరిడోరాస్ ఉంటే ఈ వైద్యం వద్దు.