ఆళ్లగడ్డ లోగో పట్టబోయే అల్లుడికి

నంద్యాల



ఆళ్లగడ్డకు ఏదో చానెల్ వాళ్లు మైకు లోగో ఇచ్చి స్ట్రింగర్‌గా పెట్టుకుంటామన్నారనీ, డిపాజిట్ కింద కొంత కట్టమంటున్నారనీ అక్క ఫోన్ చేసి చెప్పింది. డబ్బు కట్టి మాత్రం తెచ్చుకోవద్దు. కట్టినవాడు దాన్ని రాబట్టుకోవడానికి ఊరి మీద పడతాడు. ఇసుక ట్రాక్టర్ల దగ్గరో, రేషన్ బియ్యం బండి దగ్గరో తేలతాడు. ఊరికే ఇస్తామన్నా సరే, ఐటెమ్‌కు ఎంతిస్తారు, పెట్రోలు ఎవరిది, ఉగాదికీ దసరాకూ యాడ్స్ టార్గెట్ ఎంత అని ముందే అడుగు. యాడ్ ఇచ్చిన నాయకుడి మీద రేపు వార్త ఎట్లా చేస్తావో కూడా ఆలోచించుకో. స్ట్రింగర్లలో చాలామందికి బిల్లు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. అందుకే డిగ్రీలో మిగిలిన పేపర్లు రాసెయ్. మీ నాయన ఎరువుల అంగడి వదలొద్దు.

ఇక పని సంగతి. 2017 ఆగస్టులో ఉపఎన్నిక జరిగినప్పుడు నంద్యాలలో ఎటు చూసినా ఓబీ వ్యాన్లే. 28న ఫలితం వచ్చాక అన్నీ సర్దుకుని పోయాయి. 2023 సెప్టెంబరు 9 తెల్లవారుజామున చంద్రబాబును ఇక్కడే అరెస్టు చేస్తే దేశంలోని చానెళ్లన్నీ మన ఊరి పేరు పలికాయి. అట్లాంటి రోజు నువ్వు ఫోన్‌లో లైవ్ (ఫోనో) ఇస్తావు, చుట్టాలంతా టీవీలో నీ పేరు చూస్తారు. సంతోషించు. కానీ నువ్వు లేకపోయినా ఆ వార్త నడుస్తుంది.

నువ్వు లేకపోతే రాని వార్త ఏదో చెప్తాను. 2014 ఏప్రిల్ 23 రాత్రి ఆళ్లగడ్డ అసెంబ్లీ అభ్యర్థి శోభా నాగిరెడ్డి నంద్యాల వైపు ఎన్నికల ప్రచారం ముగించుకుని ఆళ్లగడ్డకు వస్తున్నారు. రోడ్డు మీద పోసిన వడ్ల కుప్పను తప్పించబోయి కారు బోల్తా పడింది. మర్నాడు హైదరాబాద్‌లో ఆమె కన్నుమూశారు. మే 7న పోలింగ్, పేరు బ్యాలెట్‌లో అట్లాగే ఉండిపోయింది, గెలుపూ ఆమెదే. చనిపోయాక గెలిచిన అభ్యర్థి అని దేశమంతా చెప్పుకుంది. వడ్ల కుప్ప మాత్రం వార్తలో ఒక వాక్యంగా మిగిలింది.

ఆ వడ్లు రోడ్డెక్కేది ఎందుకు? మిషన్‌తో కోసిన వడ్లు పచ్చిగా ఉంటాయి. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. కళ్లాలు పోయి ప్లాట్లయ్యాయి. ఇంక రైతుకు మిగిలింది తారు రోడ్డే. పగలంతా ఆరబోసి, రాత్రికి కుప్ప చేసి, నల్ల పట్ట కప్పి, అంచుల్లో రాళ్లు పెడతాడు. ఎదుటి బండి లైటు కళ్లలో పడితే ఆ నల్ల పట్ట అగుపడదు. ఈ ఐటెమ్ ప్రమాదానికి ముందు రోజు రావాలి. ఆ దారిన రోజూ పొయ్యేవాడివి నువ్వు, హైదరాబాద్ డెస్కు కాదు.

తీసేటప్పుడు మాట్లాడకు. చెక్కతో వడ్లు లాగుతుంటే వచ్చే ఆ గరగర శబ్దం ఉండనీ. ఒక్కో షాటు పది సెకండ్లు కదలకుండా పట్టు. పొద్దు వాలాక కెమెరా కిందికి దించి, బండి నడిపేవాడి కంటికి ఆ కుప్ప ఎంత దూరంలో తెలుస్తుందో చూపించు. రైతును దొంగను చెయ్యొద్దు. అతని బైట్ తీసుకుని, అదే ప్రశ్న వ్యవసాయాధికారిని అడుగు. ఇద్దరి పేర్లూ హోదాలూ అక్కడే రాసుకో.

డెస్కు నుంచి ఇంకొక ప్రశ్న వస్తుంది, మనకు రాసిపెట్టింది: "ఫ్యాక్షన్ యాంగిల్ ఏమన్నా ఉందా?" గట్టు తగాదాలో అన్నదమ్ములు కొట్టుకున్నా అడుగుతారు. ఎఫ్ఐఆర్‌లో లేని ఆ మాట నీ నోట రాకూడదు. స్క్రోలింగ్‌లో అది ఒక్కసారి తిరిగితే ఆ ఊళ్లో రాత్రికి పోలీసు పికెట్ పెట్టాల్సి వస్తుంది. చానెల్ వాళ్లకేం, వేరే బ్రేకింగ్ చూసుకుంటారు. పోక్సో కేసైతే పిల్ల పేరు, ఊరు, బడి, ఇంటి గోడ కూడా చూపించొద్దు. చట్టమూ ఒప్పదు.

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయ్యాక కలెక్టరాఫీసు మనకు దగ్గరైంది. సోమవారం అర్జీల రోజు వచ్చి వరుసలో నిలబడినవాళ్ల పక్కన కూర్చో, మైకు సంచిలోనే పెట్టుకుని. ఒకే ఊరి నుంచి ఒకే అర్జీతో మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లను గుర్తుపెట్టుకో. ప్రెస్‌మీట్లలో దొరకని ఐటెమ్‌లు అక్కడ దొరుకుతాయి. రెండు మూడేళ్లు ఇట్లా చేస్తే, స్టాఫ్ రిపోర్టర్ పోస్టు ఖాళీ అయినప్పుడు నిన్నడుగుతారు. అడక్కపోయినా పని వచ్చినవాడివి అవుతావు.

నా పాత ట్రైపాడ్ అటక మీదుంది. ఒక కాలు వదులైంది, బిగించుకోవాలి. ఈసారి అర్జీల రోజు వచ్చినప్పుడు తీసుకుపో. అక్కకు చెప్పు, డిపాజిట్ డబ్బు ఎవరికీ ఇవ్వొద్దన్నానని.

ఇట్లు,
మీ మామయ్య